మామిడి డబ్బు ఏడాదికొక్కసారి, ఇంటి ఖర్చు నెలనెలా: రెండు మూడు ఎకరాల రైతు ఏ దారి పట్టాలి?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో రెండు మూడు ఎకరాల మామిడి మీద బతికే ఇంటికి డబ్బు చేతికొచ్చేది జూన్ నుంచి ఆగస్టు లోపు. ఖర్చు ఆ నెలలు చూసుకుని రాదు. డిసెంబరు, జనవరిల్లో పూత మీద తేనెమంచు పురుగుకీ బూడిద తెగులుకీ మందులు కొట్టాలి. అప్పుడే సంక్రాంతి. గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే తోతాపురి రకం కోతకు వచ్చీ రాకముందే బడులు తెరుస్తారు, ఫీజు కట్టమంటారు. మధ్యలో ఆసుపత్రి ఖర్చు, చుట్టాలింట పెళ్లి. పైగా మామిడి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు సరిగా కాయని చెట్టు. వరి రైతు ధర లేదనుకుంటే వడ్లను నెలో రెండు నెలలో ఇంట్లో ఉంచుకోగలడు. కోతకొచ్చిన మామిడికాయ వారం కూడా ఆగదు.

లెక్క కోసం మూడెకరాలు, ఎకరాకు 40 చెట్లు, అన్నీ తోతాపురి, కాపు 12 టన్నులు అనుకుందాం. కిలో 20 రూపాయలు పలికితే 2,40,000. 12 పలికితే 1,44,000. 5 పలికితే 60,000. అందులో కోత కూలి, ట్రాక్టరు బాడుగ తీసేస్తే మందుల అప్పు కూడా తీరదు. చెట్లు అవే, కష్టం అదే. 2025 సీజనులో జరిగింది ఇదే. అంతకు ముందటి ఏడాది తీసిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో అమ్ముడుపోకుండా మిగిలి ఉంది, ఎగుమతులు మందగించాయి, సరిగ్గా ఆ ఏడే కాపు బాగా వచ్చింది. రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పింది. ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది. అయినా ర్యాంపుల దగ్గర, అంటే వ్యాపారులు కాయ కొనే యార్డుల దగ్గర, నాలుగైదు రూపాయలకే కాయ దించేసి వచ్చిన రైతులు ఎందరో ఉన్నారు.

ఇలాంటి ఇంటికి సలహా చెప్పేవాళ్లు సాధారణంగా ఎందులో లాభం ఎక్కువ అన్న దగ్గర మొదలుపెడతారు. నేను రెండు ప్రశ్నలు వేస్తాను. ఈ దారిలో డబ్బు ఏ నెలలో చేతికొస్తుంది? కాపు పోయిన ఏడు కూడా వస్తుందా? కింద చెప్పినవాటన్నిటినీ ఈ రెండిటితోనే తూచి చూశాను. చెప్పేది ఎక్కువగా మామిడి గురించే అయినా అనంతపురం చీనీ రైతుకీ, నల్లగొండ బత్తాయి రైతుకీ చాలావరకు వర్తిస్తుంది.

ముందు అప్పు సంగతి తేల్చుకోండి

కాయ ఎవరికి అమ్మాలన్నది జూన్‌లో తేల్చుకునే విషయం అనుకుంటాం. కానీ డిసెంబరులో మందుల డబ్బు ఎవరి దగ్గర తెచ్చామో, ఆ రోజే అది తేలిపోతుంది. అందుకే ధర కంటే ముందు అప్పు గురించి చెబుతున్నాను.

చాలా ఇళ్లలో మొదట తలుపు తట్టేది మండీ యజమానిదో ర్యాంపు వ్యాపారిదో. అడ్వాన్సు ఇస్తాడు, వడ్డీ అడగడు, కాయ మాత్రం తనకే వేయాలంటాడు. రాత్రి పది గంటలకు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినా డబ్బు పంపేది ఇతనే. ఆ సాయాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ లెక్క చూడండి. 50,000 అడ్వాన్సు నవంబరులో తీసుకుని జూలైలో కాయతో తీర్చారు, ఎనిమిది నెలలు. అడ్వాన్సు ఉన్న రైతుకు బయటి ధర కంటే కిలోకు ఒక్క రూపాయి తక్కువ కట్టాడనుకోండి. 12 టన్నుల మీద అది 12,000. అదే 50,000 ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఎనిమిది నెలలకు వడ్డీ ఎంత? 12,000. వడ్డీ లేదన్న అప్పు, మూడు రూపాయల వడ్డీ అప్పు రెండూ ఒకటే అయ్యాయి. తరుగు, కమీషను, హమాలీ దీనికి అదనం. ధర పడిపోయిన ఏడు పక్క ర్యాంపులో అర్ధరూపాయి ఎక్కువ ఇస్తున్నా అటు వెళ్లే వీలుండదు.

అదే 50,000 కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే సంవత్సరానికి 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతం పడుతుంది. మూడు లక్షల వరకు ఈ రాయితీ వర్తిస్తుంది. ఎనిమిది నెలలకు వడ్డీ 2,300 చిల్లర, గడువులో కట్టినవాళ్లకు 1,300 చిల్లర. 12,000తో పోల్చి చూసుకోండి. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు వ్యవసాయ అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. పట్టాదారు పాసుపుస్తకం సరిగా ఉండి, పాత బకాయి లేని రైతు కార్డు లేకుండా ఉన్నాడంటే ఏటా వేల రూపాయలు ఊరికే పోగొట్టుకుంటున్నట్టే.

కార్డు విషయంలో ఒక చిక్కుంది. గడువు తేదీ. అప్పు మార్చిలో తీసుకున్నవాళ్లకు మళ్లీ మార్చిలోనే కట్టాల్సి వస్తుంది. మార్చిలో మామిడి రైతు చేతిలో పిందెలు తప్ప ఏమీ ఉండవు. అప్పుడు మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి బ్యాంకులో కట్టి, నాలుగు రోజుల తర్వాత రెన్యువల్ చేయించుకుని, ఆ చేబదులు తీర్చడం ఊరూరా జరిగే పనే. నాలుగు రోజుల పని నలభై రోజులైతే రాయితీ అంతా అక్కడే కరిగిపోతుంది. అందుకని కార్డు తీసుకునేటప్పుడే, లేదా రెన్యువల్ సమయంలోనే, గడువు కోత తర్వాత ఆగస్టు, సెప్టెంబరుల్లో పడేలా చేయమని మేనేజరును గట్టిగా అడగండి. తోట పంటకు కోత కాలం చూసి గడువు పెట్టడం బ్యాంకుకు కొత్త విషయమేమీ కాదు.

డ్వాక్రా సంఘం అప్పు కూడా చవకే. స్త్రీనిధి డబ్బయితే త్వరగా వస్తుంది. కానీ వాటికి వాయిదా నెలనెలా కట్టాలి. ఏడాదికొక్కసారి వచ్చే డబ్బుకు నెల వాయిదా అప్పు జతచేస్తే మూడో నెలకే తడబాటు మొదలవుతుంది, సంఘంలో మాట పడాల్సి వస్తుంది, ఆ మాట పడేది ఇంటి ఆడమనిషి. నా సలహా ఇది: ఏడాదికొక్కసారి తీర్చే అప్పును, అంటే కార్డును, తోటకు వాడండి. నెలనెలా తీర్చే అప్పును నెలనెలా డబ్బు తెచ్చే పనికి, అంటే ఆవుకో కొట్టుకో కుట్టుమిషనుకో, వాడండి. ఈ ఒక్క జాగ్రత్త పాటించిన ఇళ్లలో టెన్షన్ సగం తగ్గడం చూశాను.

వారం వారం వసూలు చేసే ఫైనాన్సు అప్పు తోట రైతుకు అస్సలు పనికిరాదు. వారానికొకసారి డబ్బు తెచ్చే తోట ఏదైనా ఉంటే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. బంగారం మీద బ్యాంకు ఇచ్చే వ్యవసాయ అప్పు వేరు. ఏడాదికి ఒకేసారి తీర్చవచ్చు, ఒక్క పూటలో చేతికొస్తుంది. కార్డు పరిమితి అయిపోయినప్పుడు అది రెండో మెట్టు. కాపు పోయిన ఏడు మాత్రం వేలం నోటీసు వచ్చేదాకా ఆగకుండా వడ్డీ అయినా కట్టి తిరగరాయించుకోవాలి.

గుత్త, ర్యాంపు, ఫ్యాక్టరీ, నేరుగా అమ్మకం

తోటను గుత్తకు ఇవ్వడాన్ని, అంటే కాపును ముందే ఒక మొత్తానికి వ్యాపారికి అప్పగించడాన్ని, చాలామంది చదువుకున్నవాళ్లు తప్పుపడతారు. వ్యాపారి బాగుపడతాడు, రైతు నష్టపోతాడు అంటారు. ధర ఒక్కటే చూస్తే నిజమే. పూత మీద ఇస్తే తక్కువ కడతాడు, పిందె కట్టాక ఇస్తే కొంచెం ఎక్కువ, కాయ మీద ఇస్తే ఇంకొంచెం. అతను తీసుకునే భయానికి అది వెల. కానీ గుత్తలో రైతుకు దక్కేది ధరలో కనబడదు. మందులు కొట్టే ఖర్చు గుత్తదారుడిదే. ఇంట్లో డబ్బు లేని డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఖర్చు తప్పిపోయి, పైగా అడ్వాన్సు చేతికొస్తుంది. కాపు పోయినా ధర పోయినా ఆ భారం అతనిది. మందుల కోసం మూడు రూపాయల వడ్డీ అప్పు చేయాల్సిన ఇల్లయితే గుత్తలో తగ్గిన ధర, తప్పిన వడ్డీ దాదాపు చెల్లుకు చెల్లు అవుతాయి.

గుత్త చేదయ్యేది రెండు చోట్ల. మొదటిది చివరి కిస్తీ. ధర పడిపోతే గుత్తదారుడు మిగతా డబ్బు ఎగ్గొట్టి, కాయ చెట్టుమీదే వదిలేసి పోతాడు. అందుకే కాగితం రాసుకోవాలి, కోత మొదలయ్యేలోపు మొత్తంలో మూడొంతులు చేతికి రావాలి, మిగతాది కట్టాకే చివరి కోత అని అందులో ఉండాలి. రెండోది మూడేళ్ల గుత్త. మూడేళ్ల డబ్బు ఒకేసారి కనిపించడం వల్ల ఆశ పుడుతుంది. తన మూడేళ్లలో వీలైనంత కాపు పిండుకోవాలని గుత్తదారుడు ఏటా కల్తార్ (చెట్టు ఎదుగుదలను ఆపి పూత తెప్పించే మందు) పోస్తాడు, ఎరువు మాత్రం వేయడు. నాలుగో ఏడు మీ చేతికొచ్చేది కురచ కొమ్మలతో బలం తగ్గిన చెట్టు. ఒక ఏడు గుత్త ఇవ్వండి, కల్తార్ సంగతి కాగితంలో రాయించండి. మూడేళ్లకు మాత్రం ఇవ్వొద్దు. కూతురి పెళ్లికైనా సరే, అంతకంటే బంగారం అప్పు మేలు.

సొంతంగా పెంచి బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకో దామలచెరువు మండీకో దగ్గర్లోని ర్యాంపుకో వేస్తే ఆ రోజు ధర ఆ రోజు. డబ్బు త్వరగా వస్తుంది, మోసం తూకంలోనూ తరుగులోనూ ఉంటుంది. చీనీ రైతులకు సూటు పేరుతో టన్ను మీద అదనంగా పోయే కాయల సంగతి నేను చెప్పనక్కర్లేదు. బేరం ఆడేటప్పుడు కిలో ధర ఒక్కటే పోల్చకండి. తరుగు, కమీషను, బాడుగ పోను చేతికి ఎంత వస్తుందో రెండు చోట్లా కాగితం మీద రాసి పోల్చండి. కిలోకు అర్ధరూపాయి ఎక్కువిచ్చే మండీ, తరుగు కలిపి చూస్తే తక్కువిచ్చేదిగా తేలిన సందర్భాలు చాలా ఉన్నాయి.

గుజ్జు ఫ్యాక్టరీకి నేరుగా వేస్తే మధ్యవాళ్లు తప్పుతారు, ధర కాస్త మెరుగ్గా ఉంటుంది. కానీ టోకెన్ దొరకాలి. కాపు ఎక్కువైన ఏడు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడతాయి. 2025లో అలాగే నిలబడ్డాయి. ఆ రోజుల బాడుగ, డ్రైవరు బత్తా, కుళ్లిపోయిన కాయ అన్నీ రైతు మీదే. డబ్బు నెలల తర్వాత వస్తుంది. నా మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు బాగాలేదు: ఏ నెలలో వస్తుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆగస్టులో కట్టాల్సిన అప్పు ఉన్నవాళ్లు కాపంతా ఫ్యాక్టరీకే వేయొద్దు. సగం ర్యాంపులో తక్కువ ధరకైనా వెంటనే డబ్బుకు అమ్మి అప్పు తీర్చుకుంటే మిగతా సగం డబ్బు కోసం ఆగే ఓపిక ఉంటుంది.

ఇక నేరుగా ఇళ్లకు అమ్మడం. తోతాపురికి ఇది కుదరదు, అది ఫ్యాక్టరీ కాయ, ఊరగాయల కాయ. బేనీషా (బంగినపల్లి) అయితే కుదురుతుంది. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై అపార్ట్‌మెంట్లలో వాట్సాప్ గ్రూపుల ద్వారా ఐదు కిలోల పెట్టెల్లో అమ్మే రైతులు ఇప్పుడు చాలా జిల్లాల్లో ఉన్నారు. ఆర్టీసీ కార్గోలో పెట్టె వెళ్లిపోతుంది. కార్బైడ్ వాడకం చట్టప్రకారం నిషిద్ధం, కొనేవాళ్లూ అదే అడుగుతారు, కాబట్టి గడ్డిలో మాగబెట్టిన పండుకు మంచి ధరే ఇస్తారు. డబ్బు ముందే ఫోన్‌లో పడిపోతుంది. కానీ ఒక టన్నంటే 200 పెట్టెలు. ప్రతి పెట్టెకు ఒక పేరు, ఒక చిరునామా, ఒక ఫోన్ కాల్, దారిలో నలిగితే ఒక క్షమాపణ, మళ్లీ ఒక పెట్టె. ఇంట్లో ఫోన్ వాడకం తెలిసి, ఆ రెండు నెలలు వేరే పనిలేని మనిషి ఒకరుంటేనే దీనికి దిగండి. మొదటి ఏడు పది చెట్ల కాయతో చూడండి.

నన్నడిగితే, రెండు రకాలున్న తోటకు కలిపి నడిపే పద్ధతి మంచిది. తోతాపురిని గుత్తకిచ్చి ఆ అడ్వాన్సుతో బేనీషాకు సొంతంగా మందులు కొట్టుకుని, బేనీషాను కొంత మండీకి, కొంత నేరుగా అమ్ముకోవచ్చు. మొత్తం ఒకే రకం ఉన్నవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

నెలనెలా డబ్బుకు పాలు

నా రెండు ప్రశ్నలకూ మంచి జవాబు చెప్పేది ఈ జిల్లాల్లో పాల బిల్లు. పది పదిహేను రోజులకోసారి వస్తుంది, మామిడి కాయని ఏడు కూడా వస్తుంది. తిరుపతి కేంద్రంగా పూర్తిగా మహిళలే సభ్యులుగా నడిచే శ్రీజ పాల కంపెనీ 2014లో మొదలైంది. దానితోపాటు ప్రైవేటు డెయిరీల సేకరణ కేంద్రాలు దాదాపు ప్రతి పల్లెలో ఉన్నాయి. పాలు అమ్ముకోవడానికి పరుగెత్తాల్సిన పని లేదు, ఈ ప్రాంతానికి అది పెద్ద అదృష్టం.

ఆశలు మాత్రం అదుపులో పెట్టుకోవాలి. సంకర జాతి ఆవు రోజుకు ఎనిమిది లీటర్లిస్తే, లీటరుకు 32 రూపాయలు వస్తే, రోజుకు 256. దాణా, ఎండుగడ్డి, మందులకు 150 దాకా పోతాయనుకుంటే వంద మిగులుతుంది. నెలకు మూడు వేలు. చూడి కట్టి పాలు మానేసిన రెండు నెలలు ఇది కూడా లేదు, దాణా ఖర్చు మాత్రం ఉంటుంది. కాబట్టి ఒక ఆవు కంటే, ఒకటి పాలిచ్చేటప్పుడు ఇంకొకటి చూడితో ఉండేలా రెండు ఆవులు మేలు. నాలుగుకు పోవద్దు, అప్పుడు గడ్డి కొనాలి, మనిషిని పెట్టాలి, లెక్క తలకిందులవుతుంది. బోరు గట్టున పది సెంట్లలో నేపియర్ గడ్డి వేసుకున్న ఇంటికీ గడ్డి మొత్తం కొనే ఇంటికీ మిగులులో బాగా తేడా ఉంటుంది. ఇంకో మాట: ఆ నెలకు మూడు వేల వెనుక ఇంటి ఇల్లాలు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచే పని ఉంది. ఆవు కొనే ముందు ఆమెను అడగాలి, బిల్లు ఆమె ఖాతాలో పడాలి. పశుపోషణకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారన్న సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు.

బీడు ఎక్కువ ఉన్న ఊళ్లలో ఆవు కంటే గొర్రెలు సులువు. వాటి డబ్బు నెలనెలా రాదు కానీ ఏ నెలలో కావాలంటే ఆ నెలలో రెండు పొట్టేళ్లు అమ్ముకోవచ్చు. జూన్ ఫీజుకు అది సరిగ్గా సరిపోతుంది. మేకలను మాత్రం లేత తోట దగ్గరికి రానీయకండి.

చెట్ల మధ్య పంట, చెట్టు మార్పు

తోట లేతగా ఉన్న మొదటి ఐదారేళ్లు సాళ్ల మధ్య వేరుశనగ, అలసంద, ఉలవ తప్పకుండా వేయండి. ఇంట్లోకి తిండి, పశువుకు మేత, నేలకు బలం. చెట్లు గొడుగులా కమ్ముకున్నాక నీడలో ఏదీ సరిగా రాదు.

టమాటా వేద్దామా అని అడిగేవాళ్లు ఎక్కువ. మదనపల్లె మార్కెట్ దగ్గరే ఉంది, ఒక్క నెల ధర పలికితే ఏడాది కష్టం తీరుతుందని ఆశ. వద్దంటాను, రెండు కారణాలతో. ధర ఊగిసలాటలో టమాటా మామిడికి అన్నలాంటిది. ఒక జూదం దెబ్బను ఇంకో జూదంతో పూడ్చలేం. రెండోది, మామిడికి పూతకు ముందు నీటి ఎద్దడి కావాలి. అక్టోబరు, నవంబరుల్లో పక్క సాలులో టమాటాకు నీళ్లు పారిస్తే మామిడి పూత బదులు చిగురు వేస్తుంది. టమాటా పోతే అప్పు మిగులుతుంది, టమాటా నిలిస్తే మామిడి పూత పోతుంది.

చెట్లను మార్చడం నిదానంగా ఫలితమిచ్చే దారి, అయినా నేను బాగా నమ్మేది. అంతా తోతాపురి ఉన్నవాళ్లు ఏటా పదో వంతు చెట్ల తల కొట్టి బేనీషా లాంటి రకం అంటు కట్టించుకుంటే రెండు మూడేళ్లకు కాపు మొదలవుతుంది. ఏప్రిల్ చివర నుంచి జూలై దాకా డబ్బు విడతలుగా వస్తుంది, కొనేవాళ్లు వేర్వేరు వాళ్లవుతారు, ఫ్యాక్టరీలన్నీ చేతులెత్తేసినా సగం తోట బతుకుతుంది. ఒకేసారి తోటంతా కొట్టేయవద్దు.

నీళ్లుంటే ఒక అరెకరం తైవాన్ జామ వేయడం ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. ఏడాదిన్నరకే కాపుకొస్తుంది, కొమ్మ కత్తిరింపును బట్టి కాపు కాలాన్ని మార్చుకోవచ్చు, వారానికొకసారి కోసి పక్క పట్టణంలో అమ్ముకోవచ్చు. కాయకాయకూ కవరు తొడగాలి కాబట్టి చాకిరీ చాలా ఎక్కువ. అరెకరం ఇంటిమనుషులతో సాగుతుంది, రెండెకరాలైతే కూలీలతో పోయేదే ఎక్కువ. నిమ్మ కూడా దాదాపు ఏడాదంతా కాసేదే. గూడూరు చుట్టుపక్కల రైతులు ఎండాకాలం ధరతో వానాకాలం నష్టాన్ని సర్దుకుంటూ నెట్టుకొస్తారు. దానిమ్మ, డ్రాగన్ ఫ్రూట్ లాంటివాటికి ఎకరాకు లక్షల్లో పెట్టుబడి కావాలి. దానిమ్మను బాక్టీరియా మచ్చ తెగులు పట్టిందంటే ఆ లక్షలు అక్కడే ఆగిపోతాయి. ఆదాయం నిలకడగా లేని ఇల్లు వాటితో మొదలుపెట్టకూడదు.

బీమా, ప్రభుత్వ డబ్బు

వాతావరణ ఆధారిత పంటల బీమాలో తోట పంటలకు రైతు వాటా ప్రీమియం బీమా మొత్తంలో గరిష్ఠంగా 5 శాతం. కట్టమనే చెబుతాను. కానీ అది ఏం చేస్తుందో తెలిసి కట్టండి. మీ తోటలో పిందె ఎంత రాలిందో ఎవరూ వచ్చి చూడరు. మండలంలోని వాతావరణ కేంద్రంలో వాన, ఎండ, గాలి అంకెలు నిర్ణయించిన హద్దు దాటితేనే పరిహారం. ధర పడిపోతే ఒక్క రూపాయి రాదు. వచ్చేది కూడా కోత అయిపోయిన చాలా రోజులకు వస్తుంది. 2020లో తెలంగాణ ఈ బీమా పథకాల నుంచి బయటికి వచ్చేసింది, కాబట్టి అక్కడ బీమా అందని మామిడి, బత్తాయి రైతులకు ఆవో గొర్రెలో ఇంకా ముఖ్యం.

పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000, ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ కలిపి 20,000, తెలంగాణలో రైతు భరోసా ఎకరాకు 12,000. ఇవి ఏ తేదీన పడతాయో మన చేతిలో లేదు కాబట్టి వీటిని నమ్ముకుని ఫీజు తేదీ ఒప్పుకోవద్దు. పడినప్పుడు బీమా ప్రీమియానికీ కార్డు వడ్డీకీ వాడుకుంటే సరి.

తాండ్ర, ఊరగాయ

ధర పడినప్పుడల్లా తాండ్ర పోయవచ్చు కదా అని సలహా వినిపిస్తుంది. చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్ర పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఉన్న మాట నిజమే. అయితే తాండ్రకు ఎండ కావాలి, చక్కెర పెట్టుబడి కావాలి, అమ్ముడుపోయేదాకా ఆరు నెలలు ఆగే డబ్బు కావాలి. డబ్బు ఆగని ఇంటికి ఇది జవాబు కాదు. పదిమంది ఆడవాళ్లు సంఘంగా, ముందే కొనేవాళ్లను చూసుకుని దిగితే వేరే సంగతి.

బయటి సంపాదన

రాయచోటి, రాజంపేట వైపు కువైట్ డబ్బు నిలబెట్టిన తోటలు ఎన్నో ఉన్నాయి. సత్యవేడు వైపు శ్రీసిటీ ఫ్యాక్టరీ జీతం, పలమనేరు, కుప్పం వైపు బెంగళూరు పని అదే చేస్తున్నాయి. ఇంట్లో ఒక్కరి నెల జీతం ఉంటే తోట రైతు బేరంలో నిలబడగలడు. దీన్ని వ్యవసాయం వదిలేయడంగా చూసి బాధపడే పెద్దవాళ్లున్నారు. నేను అలా చూడను. తోట అమ్ముకోకుండా కాపాడేది చాలాసార్లు ఆ జీతమే. ఇంట్లో చదువుకున్న అబ్బాయో అమ్మాయో ఉద్యోగానికి పోతానంటే ఆపకండి. ఉన్నవాళ్లు తక్కువైతే చాకిరీ తక్కువ ఉండే గుత్త వైపు వెళ్లండి.

ఏ ఇంటికి ఏది

పిల్లలు బయట ఉండి, ఇద్దరు పెద్దవాళ్లు చూసుకునే తోట అయితే: ఏడాది గుత్త, మంచి కాగితం, బీమా గుత్తదారుడితో సంబంధం లేకుండా మీ పేరు మీదే. ఆవులు వద్దు, ఓపిక చాలదు.

నలభై లోపు దంపతులు, బోరులో నీళ్లు ఉన్నాయి: సంఘం అప్పుతో రెండు ఆవులు, కార్డు అప్పుతో తోట, అరెకరం జామ. పాల డబ్బులోంచి నెలకు వెయ్యి రూపాయలు రిజిస్టరైన చీటీలో వేసి డిసెంబరులో పాడుకునేలా చూసుకుంటే మందుల డబ్బులో కొంత అక్కడే వస్తుంది. కాపు సొంతంగా అమ్ముకోండి.

నీళ్లు లేని వానాధారపు తోట: జామ మాట మరిచిపోండి. గొర్రెలు, చెట్ల మధ్య ఉలవ, ఇంట్లో ఒకరికి బయటి పని, ఊళ్లో ఉపాధి పని. ఆ ఏడు కాపు బాగుంటే సొంతంగా అమ్మండి, పూత పలచగా ఉంటే గుత్త అడిగేవాడూ ఉండడు, మందుల ఖర్చు కూడా తగ్గించుకోండి.

ఇప్పటికే మండీకి బాకీ పడ్డ ఇల్లు: ఇదే కష్టమైన సంగతి, ఎక్కువమంది ఉన్నదీ ఇక్కడే. అప్పులన్నీ ఒక కాగితం మీద నెల వడ్డీ ప్రకారం రాయండి. మండీ బాకీ ఎదురుగా వడ్డీ సున్నా అని వేయకుండా, కిలోకు తగ్గే రూపాయిని వడ్డీగా మార్చి రాయండి. మొదట తీర్చాల్సింది దాన్నే అని చాలామందికి అప్పుడు కనిపిస్తుంది. కార్డు తెచ్చుకుని, అవసరమైతే కొంచెం బంగారం పెట్టి, దాన్ని ఒక్కసారిగా తీర్చేయండి. సగం తీరిస్తే కాయ మాత్రం మొత్తం అక్కడికే వేయాలంటాడు. ఆ ఏడు కొత్తగా ఏ పంటా, ఏ ఆవూ మొదలుపెట్టకండి.

ఎవరైనా సరే, రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదులో మీ తోట, రకం, విస్తీర్ణం సరిగా ఉన్నాయో చూసుకోండి. 2025లో కిలోకు 4 రూపాయల సాయం లాంటివి నమోదైనవాళ్లకే అందాయి. బ్యాంకుకు వెళ్లాల్సింది ఆగస్టు, సెప్టెంబరుల్లో. డిసెంబరులో వెళితే ఫైలు కదిలేలోపే పూత మీద పురుగు చేరుతుంది, మీరు మళ్లీ మండీ మెట్లే ఎక్కాల్సి వస్తుంది.